డిస్కౌంట్ సరుకుల షాపులో తగ్గింపు నిజంగా మీకే దక్కాలంటే

పేటలోని డిస్కౌంట్ షాపులో ధర ఎందుకు తక్కువో తెలిస్తే అక్కడ ఎలా కొనాలో సగం తెలిసినట్టే. పెద్ద సూపర్ మార్కెట్‌లో పదుల వేల రకాలు ఉంటాయి. ఇలాంటి చోట సాధారణంగా ఒకటి రెండు వేలకు మించవు. పంచదార అంటే ఒకటే రకం, టమాటా గుజ్జు అంటే ఒకటో రెండో. ఆ ఒక్క రకాన్నే భారీగా తెప్పిస్తారు కాబట్టి తయారీదారు దగ్గర ధర తగ్గుతుంది. అట్టపెట్టెను పైన కోసి అలాగే అరలోకి తోస్తారు కాబట్టి సర్దే మనుషులు తక్కువ సరిపోతారు. జర్మనీలోని ఎస్సెన్‌లో తల్లి నడిపిన కొట్టును 1946లో చేతుల్లోకి తీసుకున్న కార్ల్, థియో ఆల్‌బ్రెక్ట్ అన్నదమ్ములు ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చారు. 1962 నుంచి అదే ఆల్డీ పేరుతో నడుస్తోంది. ఇప్పుడు చాలా దేశాల్లో చాలా షాపులు ఇదే దారిలో ఉన్నాయి.

అయితే షాపువాళ్లు మానేసిన పని ఎక్కడికీ పోదు. ఏరడం, తేదీ చూడడం, పోల్చడం, సంచిలో సర్దడం, మోయడం అన్నీ కొనేవాళ్ల మీద పడతాయి. మీరు ఆ పని చేస్తేనే తగ్గింపు మీది. చేయకపోతే పారేసిన ప్యాకెట్ల రూపంలో, తప్పు బిల్లు రూపంలో ఆ డబ్బు జారిపోతుంది.

ముందుగా మీ షాపు ఏ రకమో గమనించండి. ఒక రకం షాపులో ఎప్పుడు వెళ్లినా అవే సరుకులు, తక్కువ ధరకు, మామూలు గడువుతో దొరుకుతాయి. రెండో రకం మిగులు సరుకు అమ్ముతుంది: గడువు దగ్గర పడ్డవి, కంపెనీ ఆపేసిన రకాలు, పాత లేబుల్ ఉన్నవి, అట్ట చిరిగినవి. మొదటి రకం షాపులో నెలవారీ సరుకులు నిశ్చింతగా కొనొచ్చు. రెండో రకానికి పట్టీ రాసుకుని వెళ్లి లాభం లేదు, ఈ వారం ఉన్నది వచ్చే వారం ఉండదు. అక్కడ ముందు తేదీ చూడాలి, తర్వాతే ధర.

ధరల పట్టీ

మీ ఇంట్లో ఎప్పుడూ వాడే సరుకులు ఓ ఇరవై ఏరి, ఒక్కోటి కిలోకి లేదా లీటరుకి మామూలుగా ఎంత పడుతుందో ఫోన్‌లో రాసుకోండి. ప్యాకెట్ ధర రాసుకుంటే ప్రయోజనం లేదు, ప్యాకెట్ సైజు మారిపోతూ ఉంటుంది. ఈ పట్టీ లేకుండా "తగ్గింపు" అన్న బోర్డు నిజమో కాదో తేల్చే దారే లేదు. బోర్డు చెప్పేది షాపు తన పాత ధరతో చేసిన పోలిక, మీరు మరోచోట కొనే ధరతో కాదు.

లెక్క సులువు. ధరను గ్రాములతో భాగించి 1000తో హెచ్చించండి. 750 గ్రాముల ప్యాకెట్ 87 అయితే కిలో 116 పడుతుంది. పక్కనే ఉన్న 500 గ్రాములది 56 అయితే కిలో 112. పెద్ద ప్యాకెట్ చవక అన్న నమ్మకం ఇలాంటి చోటే దెబ్బతింటుంది. ముఖ్యంగా చిన్న ప్యాకెట్ ఆఫర్‌లో ఉన్నప్పుడు ఇలా తలకిందులవుతుంది. అర అంచున ఉండే చీటీలో కిలో ధర చిన్న అక్షరాల్లో వేసి ఉంటే పని ఇంకా తేలిక. కానీ ఒక చీటీ 100 గ్రాములకు, పక్కది కిలోకు చూపించడం మామూలే. రెండూ ఒకే కొలతలో ఉన్నాయో లేదో చూసి పోల్చండి.

కొలతే వేరైనప్పుడు మరింత జాగ్రత్త కావాలి. వంటనూనె నీళ్లకంటే తేలిక. లీటరు నూనె తూచితే 910 నుంచి 920 గ్రాములే వస్తుంది. లీటరు ప్యాకెట్టూ కిలో ప్యాకెట్టూ ఒకే ధరకు ఉంటే, కిలో దాంట్లో సుమారు 9 శాతం నూనె ఎక్కువ. ఐస్‌క్రీమ్‌లో తేడా ఇంకా పెద్దది. లీటరు డబ్బా ఒకటి 500 గ్రాములే తూగొచ్చు, మరొకటి 700 దాటొచ్చు. తక్కువ తూగినదాంట్లో గాలి ఎక్కువ కొట్టారన్నమాట. డబ్బాలో నీళ్లతో వచ్చే బఠానీలు, పుట్టగొడుగుల్లాంటి వాటికి మొత్తం బరువుతో పాటు నీరు వంపేశాక మిగిలే బరువు కూడా వేసి ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకోండి. గడ్డకట్టిన చేపల మీద మంచు పొర పూస్తారు, మంచు తీసేసిన నికర బరువు ఎంతో చూడండి. బట్టల సబ్బు పొడికి కిలో ధర కంటే, ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో ఎన్ని ఉతుకులు వస్తాయన్న లెక్క సరైంది. చిక్కటి ద్రావణం సీసా చిన్నదిగా కనిపించినా ఎక్కువసార్లు రావచ్చు.

ధర మార్చకుండా బరువు తగ్గించే అలవాటు కంపెనీలకు ఉంది. 500 గ్రాముల ప్యాకెట్ అదే ధరకు 450 అయిందంటే ధర 11 శాతం పెరిగినట్టు. కిలో ధర రాసుకుంటే ఇది వెంటనే పట్టుబడుతుంది.

ఆఫర్ల అసలు విలువ

బోర్డు మీద మాటల్ని శాతంలోకి మార్చుకుంటే సందేహం తీరుతుంది.

ఒకటి కొంటే ఒకటి ఉచితం: 50 శాతం తగ్గింపు.
రెండు కొంటే ఒకటి ఉచితం: 33 శాతం.
రెండోది సగం ధరకే: 25 శాతం.
25 శాతం అదనం: 20 శాతం మాత్రమే.
20 శాతం తగ్గించి, దానిపై మరో 10 శాతం: 28 శాతం, 30 కాదు.

ఈ శాతం కూడా ఆ సరుకంతా మీరు వాడితేనే. ప్యాకెట్ 15 శాతం చవకగా దొరికింది, పావు వంతు పాడై పారేశారు అనుకుందాం. వాడిన మేరకు లెక్కేస్తే మామూలు ధర కంటే 13 శాతం ఎక్కువే పడింది. అందుకే పాడయ్యే సరుకుల మీద "మూడు కొంటే" ఆఫర్లు చిన్న కుటుంబానికి తరచూ నష్టమే. సబ్బులు, ఉప్పు, పంచదార, డబ్బా సరుకులు, పేపరు రుమాళ్ల విషయంలో అవే ఆఫర్లు మేలు. ఇంకొకటి గమనించండి: "మూడు 100కి" అని రాసి ఉన్నా చాలా షాపుల్లో ఒకటి తీసుకున్నా అదే రేటు పడుతుంది, కొన్నింట్లో మాత్రం మూడూ తీసుకోవాల్సిందే. కౌంటర్ దగ్గర అడిగితే చెబుతారు.

కంటి ఎత్తులో ఉన్న అర, వరుస చివర నిలబెట్టిన ర్యాక్, బిల్లు కౌంటర్ పక్కన గుట్ట: ఈ మూడు చోట్లా షాపు అమ్మదలచుకున్నవే ఉంటాయి, చవకైనవే ఉండాలన్న నియమం లేదు. మోకాళ్ల ఎత్తు అరల్లో ఓసారి వెతకండి. మధ్య వరుసలో వారానికోసారి మారే గిన్నెలు, బట్టలు, పనిముట్లు ఉంటే, సరుకుల పట్టీ పూర్తయ్యాకే అటు వెళ్లండి.

షాపు సొంత బ్రాండు

డిస్కౌంట్ షాపులో ఎక్కువ ఆదా ఇక్కడే. పేరున్న బ్రాండు ప్రకటనల ఖర్చు దీనికి ఉండదు. చాలాసార్లు ఇలాంటి సరుకును పెద్ద బ్రాండ్లకు తయారుచేసే ఫ్యాక్టరీలే చేసిపెడతాయి, కానీ ఫ్యాక్టరీ ఒకటే అయినంత మాత్రాన పాళ్లు ఒకటే కావు. అది తేలేది లేబుల్ మీదే. పదార్థాల జాబితా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు ఉంటుంది. రెండు ప్యాకెట్లు పక్కపక్కన పట్టుకుని మొదటి మూడు పదార్థాలు పోల్చండి. టమాటా సాస్‌లో ఒకదానికి టమాటా ముందుండి, ఇంకోదానికి పంచదారో నీళ్లో ముందుంటే అవి రెండూ ఒకటి కావు. తర్వాత 100 గ్రాములకు ఇచ్చిన చక్కెర, ఉప్పు, ప్రొటీన్ అంకెలు చూడండి. "ఒక సర్వింగ్‌కు" ఇచ్చిన అంకెలు పోల్చడానికి పనికిరావు, సర్వింగ్ ఎంతన్నది కంపెనీ కంపెనీకి మారుతుంది. బార్‌కోడ్ మొదటి మూడంకెలతో సరుకు ఎక్కడ తయారైందో చెప్పొచ్చని చాలామంది నమ్ముతారు. అది ఆ నంబరు ఏ దేశపు సంస్థ దగ్గర తీసుకున్నారో మాత్రమే చెబుతుంది.

ఒకే పదార్థం ఉన్న సరుకుల్లో సందేహించక్కర్లేదు. ఉప్పు, పంచదార, వెనిగర్, మొక్కజొన్న పిండి ఎవరు ప్యాక్ చేసినా పెద్ద తేడా ఉండదు. కాఫీ, టీ, మసాలా పొడులు, గిన్నెలు తోమే ద్రావణం, చెత్త సంచుల్లో తేడా నిజంగానే ఉంటుంది. వీటిలో కొత్తది ముందు అతి చిన్న సైజు తీసుకుని చూడండి. చవక ద్రావణం రెట్టింపు పోయాల్సి వస్తే అది చవక కాదు.

తేదీలు చదవడం

ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ భయపడి మంచి సరుకు వదిలేసేదీ ఇక్కడే. ప్యాకెట్ మీద రెండు రకాల గడువులు ఉంటాయి. "ఈ తేదీలోపు వాడాలి" అన్నది భద్రత గురించి: పచ్చి మాంసం, చేపలు, ఫ్రిజ్‌లో పెట్టే తయారైన వంటకాలు. ఇది దాటితే చూడ్డానికి, వాసనకు బాగున్నా తినకూడదు. "ఈ తేదీ వరకు బాగుంటుంది" అన్నది నాణ్యత గురించి: బిస్కెట్లు, పాస్తా, డబ్బా సరుకులు. అది దాటిన మర్నాడే సరుకు విషమైపోదు, రుచి, కరకర, వాసన మెల్లగా తగ్గుతాయి. గడువు దాటినవి అమ్మొచ్చా అన్నదానిపై చట్టం దేశాన్ని బట్టి మారుతుంది, మీ దగ్గర నియమం తెలుసుకుని ఉండండి. పసిపిల్లల పాలపొడిని మాత్రం గడువు దాటినా, డబ్బా నొక్కుకుపోయినా ఎంత తగ్గించి ఇచ్చినా కొనకండి.

గడువు దగ్గర పడినదాన్ని కొనాలా వద్దా అంటే ఒకే ప్రశ్న: మిగిలిన రోజుల్లో ఇంట్లో ఇది అయిపోతుందా? రోజుకు అర లీటరు పాలు వాడే ఇంటికి రెండు లీటర్ల డబ్బా నాలుగు రోజులు. గడువు రెండు రోజులే ఉంటే సగం పోయినట్టే, కాబట్టి ధర సగానికి తగ్గినా లాభం లేదు. ఇక్కడ చాలామంది మరిచేది ఒకటుంది. సీల్ తీశాక ముద్రించిన తేదీకి విలువ పోతుంది. "తెరిచాక మూడు రోజుల్లో వాడండి" అని ఉంటే, తేదీ నెల దూరంలో ఉన్నా మూడు రోజులే.

ఏది ఎంతకాలం నిలుస్తుందన్నది ఆ సరుకులోని నూనె, తేమలను బట్టి ఉంటుంది. ఉప్పు, పంచదార, తేనె పొడిగా, మూత బిగించి ఉంచితే ఏళ్ల తరబడి నిలుస్తాయి. తెల్ల బియ్యం కూడా చాలాకాలం ఉంటుంది. దంపుడు బియ్యం, పొట్టుతో ఆడించిన పిండి, పల్లీలు, గింజల్లో నూనె ఉంటుంది కాబట్టి అవి నెలల్లోనే ముక్కవాసన పడతాయి, ఎండాకాలం ఇంకా తొందరగా. ఇవి తగ్గింపులో దొరికితే కొద్దిగానే తీసుకోండి, లేదా ఫ్రీజర్‌లో చోటుంటేనే ఎక్కువ తీసుకోండి. డబ్బా సరుకుల్లో టమాటా, పండ్లలాంటి పులుపువి ఏడాది ఏడాదిన్నర వరకు రుచిగా ఉంటాయి, పులుపు లేనివి రెండు నుంచి ఐదేళ్లు. బేకింగ్ పౌడర్, ఈస్ట్ పాడవవు గానీ శక్తి పోతుంది. చెంచాడు బేకింగ్ పౌడర్ వేడినీళ్లలో వేస్తే వెంటనే బుసబుస పొంగాలి. ఈస్ట్ గోరువెచ్చని పంచదార నీళ్లలో పది నిమిషాల్లో నురగ కట్టాలి. లేకపోతే పారేయడమే.

షాపులోనే విప్పి మళ్లీ ప్యాక్ చేసిన పప్పులు, మసాలాల మీద ఉండేది ప్యాక్ చేసిన తేదీ, తయారైన తేదీ కాదు. సరుకు అప్పటికే ఎంత పాతదో ఆ చీటీ చెప్పదు. అలాంటివి కంటితో చూసి, వాసన తగిలితే పసిగట్టి కొనాలి.

సొట్టలు, ఉబ్బులు, పురుగులు

డబ్బా పక్కభాగంలో చిన్న సొట్ట ఉంటే ఫర్వాలేదు. వేలు పట్టేంత లోతుగా ఉన్నా, మొన తేలినా, పైన కింద మూత కలిసే అంచు మీద గానీ నిలువు అతుకు మీద గానీ ఉన్నా వదిలేయండి. అతుకు కాస్త తెరుచుకుంటే సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. తుడిస్తే పోయే తుప్పు సమస్య కాదు, గుంటలు పడిన తుప్పు సమస్యే. ఉబ్బిన డబ్బా, కారుతున్నది, తెరవగానే చిమ్మేది ఏదైనా రుచి కూడా చూడకండి. బోటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషజబ్బు కలిగించే విషానికి వాసనా రుచీ ఉండకపోవచ్చు.

గాజుసీసా మూత మధ్యలో నొక్కితే టిక్కుమంటూ లేస్తే సీల్ పోయినట్టే. గాలి తీసిన ప్యాకెట్ వదులుగా ఉన్నా, అట్టపెట్టె పాల మూలలు తడిగా ఉన్నా తీసుకోవద్దు. పిండి, పప్పుల ప్యాకెట్‌ను వెలుగుకు ఎత్తి చూడండి: మూలల్లో సాలెగూడు లాంటి పోగులు, అడుగున పొడి, సూది పొడిచినంత రంధ్రాలు ఉంటే పురుగు చేరినట్టే. అనుమానం లేకున్నా ఎక్కువ మొత్తం కొన్న పిండిని మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచితే గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక ప్యాకెట్ చల్లదనం పూర్తిగా పోయేదాకా తెరవకండి, లేకపోతే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది.

కూరగాయలు, చల్లటి సరుకులు

కట్టి ఉన్న సంచిని తిరగేసి అడుగు చూడండి. నీరు చేరిందంటే ఒకటి కుళ్లింది, అది మిగతావాటికి అంటుతుంది. ఆకుపచ్చగా మారిన బంగాళాదుంపల్లో చేదుతో పాటు సోలనిన్ అనే విషపదార్థం పెరిగి ఉంటుంది, సంచిలో అలాంటివి చాలా ఉంటే వదిలేయండి. ఉల్లిపాయ మెడ దగ్గర నొక్కితే గట్టిగా ఉండాలి. సంచి మీద కిలో అని ఉన్నా నిజంగా అంతే తూగడం అరుదు. కాటా అందుబాటులో ఉంటే రెండు మూడు సంచులు తూచి బరువైనది తీసుకోవడంలో తప్పేమీ లేదు. గుడ్ల అట్ట తెరిచి ఒక్కో గుడ్డునూ కాస్త కదిపి చూడండి. అంటుకుపోయింది అంటే అడుగున పగిలి ఉంటుంది.

ఫ్రిజ్ అరలో కొత్త తేదీ సరుకు వెనక ఉంటుంది, పాతది ముందు. వారానికి కావాలంటే వెనకది తీయండి. ఇవాళే వండేస్తామనుకుంటే ముందున్నదే తీసుకోండి, దానికే తగ్గింపు చీటీ ఉండే అవకాశం ఎక్కువ. గడ్డకట్టిన బఠానీల ప్యాకెట్ కదిపితే గలగలమనాలి. ముద్దగా ఉంటే ఓసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. మూతలేని ఫ్రీజర్‌లో గోడ మీద గీసిన గీతకు పైన పేర్చినవాటికి చల్లదనం సరిగా అందదు, కిందివి తీసుకోండి.

ఏ రోజు స్టాకు దిగుతుందో షాపులో పనిచేసేవాళ్లను అడగండి, చెబుతారు. కూరగాయలకు ఆ మర్నాడు వెళ్లండి, గడువు తగ్గింపులకైతే మూసేముందు గంట.

బుట్ట నుంచి ఇంటికి

ముందు బరువైన పొడి సరుకులు, తర్వాత డబ్బాలు, కూరగాయలు, గుడ్లు, చివర ఫ్రిజ్ సరుకులు, ఆఖరున ఫ్రీజర్‌వి. పచ్చి మాంసం వేరే సంచిలో, అన్నింటికంటే అడుగున పెట్టండి. సబ్బుల పక్కన టీపొడీ పిండీ పెట్టొద్దు, వాసన పట్టేస్తుంది. చల్లటివన్నీ ఒకేచోట చేరిస్తే ఒకదానికొకటి చల్లదనం కాపాడుకుంటాయి. పాడయ్యే సరుకు బయట రెండు గంటలకు మించకూడదు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటే.

ఈ షాపుల్లో బిల్లు వేసే వేగం చాలా ఎక్కువ. ఆల్డీ లాంటి చోట ప్యాకెట్‌కు పలువైపులా బార్‌కోడ్ ముద్రించేది అందుకే. అంత వేగంలో కొనేవాళ్లు తెర చూడరు. సంచిలో సర్దడం ఆపి ముందు తెర చూడండి, లేదా కౌంటర్ దాటిన వెంటనే పక్కకు జరిగి బిల్లు చదవండి. తప్పులు ఎక్కువగా వచ్చే చోట్లు ఇవి: అర మీద ఆఫర్ పెట్టి కంప్యూటర్‌లో మార్చకపోవడం, ఆఫర్ 400 గ్రాములకు ఉంటే మీరు 500 తీసుకోవడం, ఒకటే రెండుసార్లు పడడం, గడువు తగ్గింపు చీటీ బదులు అసలు బార్‌కోడ్ చదవబడడం. ఆఫర్ సరుకులన్నీ బెల్టు మీద ఒకేచోట పెడితే పోల్చడం తేలిక. గుమ్మం దాటకముందే అడిగితే క్షణంలో సరిచేస్తారు, మర్నాడు వెళ్తే అర మీద బోర్డే మారిపోయి ఉంటుంది. వేడికి మాసిపోయే కాగితం మీద అచ్చయ్యే బిల్లులకు ఫోటో తీసుకోండి.

ఇంటికి రాగానే ముందు ఫ్రీజర్, తర్వాత ఫ్రిజ్, మిగతావి నిదానంగా. ఫ్రిజ్ 5 డిగ్రీలు దాటకూడదు. కొత్త ప్యాకెట్లు వెనక్కి, పాతవి ముందుకు. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ చీకటిగా, గాలి ఆడే చోట, కానీ విడివిడిగా ఉంచండి. "ఈ తేదీలోపు వాడాలి" అన్న మాంసం తగ్గింపులో తెచ్చి ఆ రోజు వండలేకపోతే, గడువు ముగిసేలోపే ఒక్కపూటకు సరిపడా ముక్కలుగా విడదీసి, పలచగా పరిచి, తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. పలచగా ఉన్నది త్వరగా గడ్డకడుతుంది, ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచితే మర్నాటికి కరుగుతుంది.